సొంత షెడ్డులో బండి మార్చేవారికి పానా కన్నా ముందు పుస్తకం కావాలి

బండి ఎత్తు ఒక్క అంగుళం తగ్గితే కాళ్లు నేలకు చక్కగా ఆనుతాయనిపించింది. వెనక సస్పెన్షన్‌లో ఉండే రెండు లింకు ప్లేట్లు తీసేసి, వాటికన్నా కాస్త పొడవైనవి బిగిస్తే చాలు. నాలుగు బోల్టులు, ఒక జాకీ, ఒక మధ్యాహ్నం పని. అనుకున్నట్టే అయింది, కాళ్లు ఆనాయి, ఎంతో సంతోషపడ్డాను. సాయంత్రం సైడ్ స్టాండు వేసి నాలుగడుగులు వేశానో లేదో, వెనక ధడేల్‌మని శబ్దం. బండి అవతలి వైపుకు పడిపోయి ఉంది. ముందు బ్రేకు లివరు విరిగిపోయింది.

బండి కిందికి దిగింది కానీ స్టాండు పొడవు మారలేదు. అంతకుముందు స్టాండు మీదకు ఒరిగి నిలబడేది, ఇప్పుడు దాదాపు నిటారుగా నిలబడుతోంది. చిన్న గాలి చాలు, అటువైపుకు వెళ్లిపోవడానికి. అంతటితో ఆగలేదు. చక్రాల మధ్య దూరం సుమారు 1,400 మిల్లీమీటర్లు ఉండే బండికి వెనక భాగం 25 మిల్లీమీటర్లు దిగితే, బండి మొత్తం ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క డిగ్రీకి హెడ్‌లైటు వెలుగు 25 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల పైచిలుకు పైకి లేస్తుంది, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ముందు ఫోర్కు వాలు పెరిగి, మలుపు తిప్పాలంటే హ్యాండిల్ బరువుగా అనిపిస్తుంది. చైన్ బిగువు మళ్లీ చూసుకోవాలి. గుంతలో పడ్డప్పుడు వెనక టైరు మడ్‌గార్డుకు తగులుతుందేమో చూడాలి. రెండు చిన్న ప్లేట్లు మారిస్తే ఇన్ని మారాయి. వీటిలో ఒక్కటి కూడా నేను ముందుగా కొలిచి పెట్టుకోలేదు.

ఇలాంటివి విన్నప్పుడల్లా "కంపెనీ ఇచ్చిన బండిని అలాగే ఉంచుకోవచ్చు కదా, ఎందుకు కెలుకుతారు" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ఫ్యాక్టరీలో ప్రతి భాగాన్నీ మిగతా భాగాలతో కలిపి పరీక్షిస్తారు, వేల కిలోమీటర్లు తిప్పి చూస్తారు, విరిగేదాకా బరువు పెడతారు. ఇంటి షెడ్డులో ఆ పని చేసేవాళ్లు లేరు. అయినా ఆ సలహాతో నేను ఏకీభవించను. మోటార్‌సైకిల్ చరిత్రలో కొన్ని గొప్ప ఆలోచనలు పుట్టిందే ఇలాంటి షెడ్లలో. షెడ్డులో లేని ఆ పరీక్షల విభాగాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలన్నది నా వాదన. దానికి కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక టేపు, ఒక స్టాప్‌వాచ్, ఒక టార్క్ రెంచ్ (బోల్టును కొలిచి బిగించే పానా), ఇంకా ఒకసారి ఒక్కటే మార్చేంత ఓపిక.

బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ 1940లలో సొంతంగా తయారు చేసుకున్న బండి మీదే వెనక సస్పెన్షన్ ప్రయోగాలు చేశాడు. ఆ అనుభవంతో ఆయన రూపొందించిన ఫ్రేమును బ్రిటన్ బళ్ల కంపెనీ నార్టన్ 1950లో తన రేసు బళ్లకు తీసుకుంది. ఈక పరుపు మీద కూర్చున్నట్టుందని రేసర్ హెరాల్డ్ డేనియల్ అనడంతో దానికి ఫెదర్‌బెడ్ అన్న పేరు స్థిరపడింది. ఆ తరువాతి కథ ఇంకా బాగుంటుంది. అప్పట్లో 500 సీసీ ఫార్ములా 3 కార్లు నడిపేవాళ్లకు నార్టన్ రేసు ఇంజిను కావాలి. కంపెనీ ఇంజిను ఒక్కదాన్నే అమ్మేది కాదు. దాంతో బండి మొత్తం కొని, ఇంజిను పీకేసుకుని, ఫ్రేమును వదిలేసేవారు. మరోవైపు ఇంకో బ్రిటిష్ కంపెనీ ట్రయంఫ్ చేసే రెండు సిలిండర్ల ఇంజిన్లకు మంచి పికప్ ఉండేది కానీ వాటి ఫ్రేములు మలుపుల్లో అంత నిలకడగా ఉండేవి కావు. ఇంజిను లేని ఫ్రేములో ఆ ఇంజిను కూర్చోబెట్టారు బ్రిటన్ కుర్రాళ్లు. ట్రయంఫ్‌లో సగం, నార్టన్‌లో సగం కలిపి ట్రైటన్ అన్నారు. కఫే రేసర్, అంటే రేసు బండిలా మార్చుకున్న రోడ్డు బండి అనగానే ఇవాళ్టికీ గుర్తొచ్చే బండి అదే. దాన్ని ఏ కంపెనీ డిజైన్ విభాగమూ గీయలేదు.

ఇక బర్ట్ మన్రో. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో ఉండేవాడు. 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండి, కొత్తలో గంటకు 55 మైళ్లు, అంటే 90 కిలోమీటర్ల లోపే వెళ్లేది. దాన్ని దశాబ్దాల పాటు షెడ్డులోనే మారుస్తూ వచ్చాడు. పాత డబ్బాలు అచ్చులుగా పెట్టి పిస్టన్లు తనే పోత పోసుకునేవాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానంలో వెయ్యి సీసీ లోపు తరగతిలో రికార్డు పెట్టాడు. అప్పట్లో నమోదైన వేగం 183.586 మైళ్లు. 2014లో లెక్క మళ్లీ చూస్తే పొరపాటు బయటపడి 184.087 మైళ్లుగా సరిచేశారు. అంటే గంటకు 296 కిలోమీటర్లు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత కూడా ఆ లెక్కను సరిచేయగలిగారంటే, ఆనాటి కొలతలు కాగితం మీద మిగిలి ఉండబట్టే.

మన్రో గురించి నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం ఆ రికార్డు కాదు. ఆయన షెడ్డులో ఒక అర ఉండేది. పగిలిన పిస్టన్లు, విరిగిన కనెక్టింగ్ రాడ్లు, పాడైపోయిన భాగాలన్నీ వరసగా అందులో పెట్టుకున్నాడు. వేగ దేవుడికి నైవేద్యాలు అని దాని మీద రాసుకున్నాడు. చూసినవాళ్లకు చమత్కారంగా అనిపించవచ్చు. నాకు మాత్రం అదొక పరీక్షా కేంద్రం రికార్డులా కనిపిస్తుంది. ఏది ఎక్కడ విరిగిందో కంటిముందు ఉంటే, తరువాతి భాగాన్ని ఎక్కడ మందంగా పోయాలో తెలుస్తుంది.

ఇప్పుడు మన షెడ్లకు వద్దాం. చాలామంది మొదట చేసే మార్పు సైలెన్సర్. శబ్దాన్ని అణచడానికి లోపల ఉండే అడ్డం, అంటే బాఫిల్, తీసేయడమో, ఓపెన్ పైపు బిగించడమో చేస్తారు. శబ్దం పెరుగుతుంది, పికప్ కూడా పెరిగినట్టే అనిపిస్తుంది. ఇక్కడే చెవి మనల్ని మోసం చేస్తుంది. పొగ గొట్టంలోని ఒత్తిడి అలలకు ఒక లయ ఉంటుంది. ఆ లయకు తగ్గట్టే గొట్టం పొడవు, లోపలి గదులు పెడతారు. అడ్డం తీసేస్తే పై వేగాల్లో కాస్త లాభం రావచ్చు, రోజూ వాడే మధ్య వేగాల్లో లాగుడు తగ్గిపోవచ్చు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తీసేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది, ఇంజిను వేడెక్కుతుంది. వాక్యూమ్‌తో స్లైడు పైకి లేచే కార్బొరేటర్ అయితే, ఆ డబ్బాలోని ప్రశాంతమైన గాలి లేకపోయేసరికి స్లైడు సరిగ్గా లేవనే లేవదు. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం, అంటే జెట్, మార్చకుండా, ప్లగ్గు తీసి రంగు చూడకుండా ఈ పని చేయకూడదు. ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే సరే. తెల్లగా పాలిపోయి ఉంటే ప్రమాదం. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు.

మార్పు పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి ఇంజిను శక్తిని కొలిచే డైనో యంత్రం అక్కర్లేదు. ఖాళీగా, చదునుగా ఉన్న ఒకే రోడ్డు, ఒకే గేరు, 40 నుంచి 70కి ఎన్ని సెకన్లు పట్టిందో మార్పుకు ముందు మూడుసార్లు, తరువాత మూడుసార్లు. రెండు దిశల్లోనూ చూడాలి. బానవిల్‌లో రికార్డుకు రెండు వైపుల పరుగుల సగటు తీసుకునేది కూడా ఇందుకే. గాలి ఒకవైపు సాయం చేస్తే రెండోవైపు ఆ సాయాన్ని తిరిగి తీసుకుంటుంది. వాచీ చూసేవాళ్లు వేరే ఉండాలి, లేదా ఫోను బిగించి రికార్డు చేసుకోవాలి. నడుపుతూ సెకన్లు లెక్కపెట్టకూడదు. మొదటిసారి ఇలా చూసినప్పుడు, నేను ఎంతో మురిసిపోయిన పైపు వల్ల బండి 0.4 సెకన్లు నెమ్మదించిందని తెలిసింది. ఆ రోజే పాత సైలెన్సర్ మళ్లీ బిగించాను. శబ్దం తగ్గాక పక్కింటివాళ్లతో మాటలు కూడా పెరిగాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్ప్రాకెట్‌తో, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రంతో మొదలుపెడితే మంచిదని నా గట్టి అభిప్రాయం. అందులో లెక్క దాపరికం లేకుండా కనిపిస్తుంది. ముందు 15 పళ్లు, వెనక 45 ఉంటే నిష్పత్తి 3. ముందు ఒక్క పన్ను పెంచి 16 చేస్తే 2.81. అదే వేగానికి ఇంజిను ఆరు శాతం తక్కువ తిరుగుతుంది, దూర ప్రయాణంలో హాయిగా ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త నీరసపడుతుంది. స్పీడోమీటర్ గేర్‌బాక్సు నుంచి లెక్క తీసుకునే బండి అయితే అది తప్పు చూపించడం మొదలుపెడుతుంది. అంటే 80 అని చూపిస్తున్నప్పుడు అసలు వేగం 85 దాటుతుంది. ఈ సంగతి తెలియకుండా తిరిగేవాళ్లు చాలామంది. బిగించే ముందు పేపరు మీద ఒక్క భాగహారం చేస్తే తెలిసిపోతుంది. నచ్చకపోతే పాతది మళ్లీ వేసుకోవచ్చు. వెనక్కి తీసుకోగలిగిన మార్పు నేర్చుకునేవాడికి వరం.

వైరింగ్ దగ్గర మాత్రం వెనక్కి తీసుకునే అవకాశం ఒక్కోసారి ఉండదు. 12 వోల్టుల బండిలో 55 వాట్ల బల్బు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని బదులు 100 వాట్లది పెడితే 8.3. కరెంటు రెట్టింపు కూడా కాలేదు కదా అనిపించవచ్చు. కానీ తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే మూడు రెట్ల పైమాటే. ఆ కరెంటంతా హ్యాండిల్ మీది చిన్న స్విచ్చులోంచే పోవాలి. ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చేసరికి లోపల వైర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. విడిగా రీలే (స్విచ్చు మీద భారం పడకుండా ఎక్కువ కరెంటును తనే మోసేది), తగిన మందం తీగ, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు లేకుండా అదనపు లైటు పెట్టకూడదు. టేపు చుట్టి వదిలేసిన జాయింటు ఎండకు, వానకు, ఇంజిను వణుకుకు ఎక్కువ కాలం నిలవదు. సరైన క్రింపింగ్ (తీగను లోహపు కొనలో నొక్కి బిగించడం), పైన వేడికి ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ గొట్టం ఉండాలి.

వైరింగ్‌ను చిల్లర పనిగా చూసేవాళ్లు జాన్ బ్రిటెన్ సంగతి తెలుసుకోవాలి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఆయన, కొద్దిమంది స్నేహితులు కలిసి కార్బన్ ఫైబర్ చక్రాలతో సహా చేత్తో చేసిన వీ1000 బండి పెద్ద కంపెనీల బళ్లను నిలదీసింది. సీటు కింద రేడియేటర్, మామూలు ఫ్రేము అసలు లేకపోవడం, అన్నీ కొత్తవే. అలాంటి బండి 1992లో అమెరికాలోని డేటోనా రేసులో ముందంజలో ఉండగా ఆగిపోయింది. ఎలక్ట్రికల్ లోపం. వాళ్లు కొత్తగా కనిపెట్టినవన్నీ నిలబడ్డాయి, మామూలుది దెబ్బతీసింది.

బ్రేకులు, స్టీరింగ్ విషయంలో నేను రాజీపడను. హ్యాండిల్ ఎత్తు పెంచితే క్లచ్, ఎక్సిలేటర్ కేబుళ్లు, బ్రేకు గొట్టం సరిపోవాలి. పరీక్ష తేలిక. గాలి బాగా ఆడే చోట, బండి స్టాండు మీద న్యూట్రల్‌లో ఉండగా, ఇంజిను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి మెల్లగా తిప్పండి. ఎక్కడైనా ఇంజిను శబ్దం పెరిగిందా, కేబుల్ బిగుసుకుంటోందన్నమాట. రోడ్డు మీద మలుపులో బండి తనంతట తానే వేగం అందుకుంటుంది. బ్రేకు గొట్టంలో ఉండే ద్రవం, డాట్ 4 రకం ఫ్లూయిడ్, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. సీసా మూత తీసి నెలల తరబడి షెడ్డులో ఉంచిన ఫ్లూయిడ్ పోసి, పొడవాటి ఘాట్ దిగితే లివరు మెత్తగా లోపలికి పోతుంది. సిలికాన్ రకం డాట్ 5ను దీనితో కలపనే కూడదు. ఫ్రేమును కోసి వెల్డింగ్ చేయడం ఆ విద్య నేర్చినవాళ్ల పని. ఖాళీ పెట్రోలు ట్యాంకును వెల్డింగ్‌కు దూరంగా ఉంచాలి, లోపల మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం.

ఈ మధ్య వస్తున్న బళ్లలో ఇంజిను లెక్కలన్నీ దాన్ని నడిపించే చిన్న కంప్యూటర్, ఈసీయూలో తాళం వేసి ఉంటున్నాయి. టైరు సైజు మారిస్తే, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు అందే వేగం లెక్క మారుతుంది. భద్రతకు సంబంధించిన భాగాలను మూసి ఉంచడం నాకు అర్థమవుతుంది. కానీ కనీసం ఏ సెన్సర్ ఏం చెబుతోందో చదివే వీలు బండి యజమానికి ఉండాలి. కొలతలు దాచేస్తే షెడ్డులో పని ఆగిపోదు, గుడ్డిగా సాగుతుంది. అది ఎవరికీ మంచిది కాదు.

ఆ లింకు ప్లేట్లు ఇప్పుడు మా షెడ్డు గోడకు మేకు మీద వేలాడుతున్నాయి. తేదీ, కారణం రాసిన చీటీ తీగతో కట్టి ఉంది. సీటు ఫోము 20 మిల్లీమీటర్లు కోసి కాళ్లు ఆనేలా చేసుకున్నాను, స్టాండుతో పని పడలేదు. ఈ ఆదివారం ఫోర్కు ఆయిల్ మార్చాలి. పుస్తకంలో పేజీ సిద్ధంగా ఉంది, మొదటి గడిలో రాయాల్సింది పాత ఆయిల్ ఎన్ని మిల్లీలీటర్లు బయటికి వచ్చిందో.