‘నామవాచకం కనిపిస్తే క్లాస్ రాసెయ్’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరపడగానే ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. అక్షరాల గళ్ల ఆటను ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో, అంటే ప్రోగ్రామ్‌ను డేటా, దాని పనులు కలిసి ఉండే ‘క్లాసు’లుగా విడగొట్టి, డిజైన్ చేయమని అడిగితే ఏం రాయాలో చెప్పే మెసేజ్ అది. ఆట 1972లో వచ్చిన బాగిల్ అనే ఇంగ్లీషు పదాల ఆట లాంటిది. నాలుగు బై నాలుగు గళ్ల పలక ఉంటుంది, గడికో అక్షరం. పక్క గళ్లను అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కలుపుతూ పదం చేయాలి. ఒక పదంలో ఒక గడిని రెండుసార్లు వాడకూడదు.

మెసేజ్ చెప్పేది ఇదీ: ప్రశ్నలోని ప్రతి నామవాచకానికీ ఒక క్లాస్ రాయాలి. గడికి మూల గడి, అంచు గడి, లోపలి గడి అని మూడు సబ్‌క్లాసులు (గడి గుణాలను తీసుకునే ఉపరకాలు) పెట్టి ఇన్‌హెరిటెన్స్, అంటే ఆ వారసత్వం, చూపించాలి. ‘వాడేశాం’ అనే గుర్తు గడిలోనే పెట్టాలి. ఆట తెలుగులో కావాలంటే డిక్షనరీ ఫైల్ మారిస్తే చాలు. నాలుగూ తప్పుదారి పట్టించేవే, నాలుగోది మరీను.

నామవాచకాల సంగతి ముందు చూద్దాం. వాటి కింద గీత గీసి క్లాసులు వెతకడం 1983లోనే రసెల్ ఆబట్ ఒక వ్యాసంలో వివరించిన పద్ధతి. జాబితా మొదలుపెట్టడానికి పనికొస్తుంది. కానీ ‘అడ్డ వరుస’కు క్లాస్ రాశామనుకోండి, దానికి పనేముంది? ఈ ఆటలో ఒక్క నియమం కూడా వరుస గురించి మాట్లాడదు. క్లాస్ రాసేముందు అడగాల్సింది, అది ఏ నియమాన్ని చూసుకుంటుందని. ఏ గడి పక్కన ఏది ఉందో పలకకు తెలియాలి. ఏది పదమో పదకోశానికి తెలియాలి. ఎవరు ఏం కనిపెట్టారో, ఎన్ని పాయింట్లో ఆటకు తెలియాలి. మిగతావి చాలావరకు ఉత్త విలువలే.

మూడు సబ్‌క్లాసుల మాట. మూల గడికి పక్కన 3, అంచు గడికి 5, లోపలి గడికి 8 గళ్లు ఉంటాయి, నిజమే. కానీ ఆ తేడా గడి స్వభావం కాదు, అది ఉన్న చోటు. పలక హద్దు దాటుతున్నామా అని ఒక్క షరతు పెడితే మూడు లెక్కలూ వాటంతటవే వస్తాయి. పలకను ఒకే వరుస గళ్లుగా మార్చి చూడండి. చివరి గడికి పక్కన ఒక్కటే ఉంటుంది. ఇప్పుడు నాలుగో సబ్‌క్లాస్ రాస్తారా?

‘వాడేశాం’ గుర్తు గడిలో పెడితే మొదట్లో పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆటగాడు పదం గీస్తుండగా వెనకాల హింట్ కోసం ప్రోగ్రామ్ కూడా వెతికిందంటే రెండు వెతుకులాటలూ ఒకరి గుర్తులు ఒకరు చెరిపేస్తాయి. ఆ గుర్తు నడిచే దారిది, గడిది కాదు. పదహారు గళ్లకు పదహారు బిట్లు (0 లేదా 1 గుర్తులు), ఒక్క పూర్ణాంకంలో సరిపోతుంది. ఇంకో సంగతి మెసేజ్ అసలు ఎత్తనే లేదు. ఆ చిన్న పలకలో నడవగల దారులు మొత్తం 1,20,29,640. అన్నీ నడిచి చూడకుండా ఉండాలంటే పదకోశం ‘ఇది పదమేనా’ అన్నదానికే కాదు, ‘ఇలా మొదలయ్యే పదం ఏదైనా ఉందా’ అన్నదానికి కూడా జవాబివ్వాలి. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ ‘ట్రై’ అని పేరు పెట్టిన నిర్మాణం, అంటే ఒకేలా మొదలయ్యే పదాలను ఒకే కొమ్మ మీద ఉంచే చెట్టు, సరిగ్గా ఈ పనికే.

ఇక తెలుగు. డిక్షనరీ ఫైల్ మారిస్తే చాలన్నవాళ్లు ఒక్కసారైనా మార్చి చూశారా అని నా అనుమానం. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘నల్లగొండ’ పొడవు అడిగితే 8 అంటుంది, పైథాన్ కూడా అంతే. న, ల, పొల్లు, మళ్లీ ల, గ, ఒత్వం గుర్తు, సున్న, డ, ఇలా యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంకేతాలను విడివిడిగా లెక్కపెడుతుంది. మనకు మాత్రం న, ల్ల, గొం, డ, నాలుగే. బాగిల్‌లో నాలుగక్షరాల పదానికి 1 పాయింట్, ఎనిమిదింటికి 11. అంటే ఊరి పేరు రాసినందుకే పది పాయింట్లు ఉచితం! గళ్లను కూడా ఆ సంకేతాలతోనే నింపితే ఒక గడిలో చుక్కల వలయం మీద ఒంటరి గుడి, ఇంకో గడిలో ఒంటరి పొల్లు కూర్చుంటాయి. వాటితో ఎవరు ఆడతారు?

లైబ్రరీ (ముందే రాసి పెట్టిన కోడ్) చూసుకుంటుందిలే అనుకోవద్దు. వత్తును దాని అక్షరంతో కలిపే ఉంచాలన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు నియమాలు పాటించే లైబ్రరీ ‘ల్ల’ను ల్, ల అని విడగొట్టి నల్లగొండకు ఐదు అంటుంది. ‘నాగర్‌కర్నూల్’లో ర్ పక్కన కనిపించని విడదీత గుర్తు టైపు చేస్తే ర్, క రెండు గళ్లు, చేయకపోతే ‘ర్క’ ఒకటే గడి. రెండు రకాలుగానూ జనం రాస్తారు. ‘నల్గొండ’ అని రాసేవాళ్లూ ఉన్నారు, అప్పుడు న, ల్గొం, డ, మూడే. ఏది ఒప్పుకోవాలో పదకోశం ముందే తేల్చుకోవాలి.

అందుకే ఈ ఆటలో ‘అక్షరం’ అనే క్లాస్ నిజంగా అవసరం. రెండు అక్షరాలు ఒకటేనా, ఒక పదాన్ని ఎక్కడ కోయాలి, పొడవు ఎంత అన్నవి దాని పని. ఇంగ్లీషులోనూ ఇది లేకపోలేదు. బాగిల్ పాచికల మీద ‘క్యూ’ పక్కనే ‘యూ’ కలిపి ఒకే ముఖం మీద అచ్చేస్తారు, స్కోరులో రెండక్షరాలుగా లెక్క. గడికి ఒక్క క్యారెక్టర్ అని రాసినవాళ్ల కోడ్ ఇంగ్లీషులోనే ఆగిపోతుంది.

కోడ్ రాశాక పలకలో సూర్యాపేట, మిర్యాలగూడ రెండూ పెట్టి చూడండి. ‘ర్యా’ గడి ఒక్కటే ఉండి రెండు పేర్లూ దొరకాలి. పొడవులు 4, 5 రావాలి. పాలమూరుకు 4 రావాలి, 7 వస్తే అక్షరం క్లాస్ ఇంకా రాయలేదన్నమాట.