ఓటుకు బారులు తీరారు.. గ్రామసభకు ఎందుకు రారు?

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా తెలంగాణ పల్లెలకు సర్పంచులు లేరు. గడువు తీరిపోయింది, బీసీ రిజర్వేషన్ల లెక్క తేలలేదు, ప్రత్యేకాధికారుల చేతికి పాలన పోయింది. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్రం నుంచి పంచాయతీలకు రావాల్సిన 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ పోయించడానికి కూడా పంచాయతీ కార్యదర్శులు అప్పులు తెచ్చారు. ఓటేస్తే ఏమొస్తుందనే వాళ్లు ఈ రెండేళ్లను ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

అందుకేనేమో, ఎన్నికలు రాగానే వరంగల్ చుట్టుపక్కల ఊళ్లకు హైదరాబాద్ నుంచి బస్సులెక్కి మరీ వచ్చారు. ఒంటిగంట దాకా ఓట్లు, రెండింటికి లెక్కింపు, రాత్రికి డీజే. బాగానే ఉంది. నా గొడవంతా ఆ తర్వాతి సంగతి గురించే.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. పెడుతున్నారు కూడా, కాగితం మీద. పొద్దున పదకొండింటికి సభ అంటే ఎవరొస్తారు? పత్తి ఏరే ఆడవాళ్లు తెల్లవారగానే సద్ది కట్టుకుని ఆటో ఎక్కేస్తారు. పంచాయతీ ఆఫీసు ముందు ఓ పదిమంది పెద్దమనుషులు కూర్చుంటారు. మిగతా సంతకాల కోసం రిజిస్టరే సాయంత్రం ఇల్లిల్లూ తిరుగుతుంది. మోరీ ఏ వాడకు ముందు, సీసీ రోడ్డు ఎవరింటి దాకా అన్నది ఆ పదిమందే తేల్చేస్తారు.

పైసలు తీసుకుని ఓటేసినోళ్లు ఏ మొహంతో అడుగుతారని కొందరు అంటారు. ఈ వాదన నాకు నచ్చదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. నోటు తీసుకున్నంత మాత్రాన ఆ సభ్యత్వం పోదు. నిజానికి ఈ మాట ఎక్కువగా వినిపించేది నోట్లు పంచినవాళ్ల నోటి నుంచే.

గీసుగొండ మండలం గంగదేవిపల్లి దారి వేరు. తాగునీటికి ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒకటి, మద్యనిషేధానికి మరొకటి. ఊరి పనుల్లో తలా ఒక బాధ్యత పంచుకున్నారు. అడిగేవాళ్లు ఎక్కువైతే పని నడవదని భయపడే సర్పంచులు ఒక్కసారి అక్కడికి వెళ్లి చూసి రావాలి.

కూలీలు ఇల్లు చేరాక, రాత్రి ఏడింటికి సభ పెట్టండి. జమాఖర్చుల కాగితం రెండు రోజుల ముందే రేషన్ షాపు గోడకు అంటించండి. ఈ రెండింటికీ హైదరాబాద్ నుంచి జీవో రానక్కర్లేదు.