సవరణ: వాటిల్ గింజలకు చన్నీళ్లు చాలవు

మెల్‌బోర్న్ పెరట్లో గోల్డెన్ వాటిల్ (తుమ్మకు చుట్టమైన, పసుపు పూల ఆస్ట్రేలియా చెట్టు) పెంచడం గురించి పోయినవారం రాసినప్పుడు, గింజల్ని రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి నాటమన్నాను. అది తప్పు. మెంతులకు సరిపోయే పద్ధతిని దీనికీ రాసేశాను.

ఈ గింజ పైపెంకు నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో కార్చిచ్చు వేడికి ఆ అడ్డు తొలగుతుంది, పెరట్లో ఆ పని మరిగిన నీళ్లు చేయాలి. అక్కడి స్థానిక మొక్కల నర్సరీలు చెప్పేదీ ఇదే. కప్పులో గింజలు వేసి, అప్పుడే దించిన వేడినీళ్లు పోసి, మర్నాటిదాకా అలాగే వదిలేయండి. పొయ్యి మీద పెట్టి ఉడికిస్తే మాత్రం గింజ చస్తుంది. తెల్లారేసరికి బాగా ఉబ్బినవాటిని ఏరి, అర సెంటీమీటరు లోతున నాటండి. నల్లగా, గట్టిగా అలాగే ఉన్నవాటికి ఇంకోసారి వేడినీళ్లు పోయొచ్చు.

పోయినవారం నేను ‘కొంచెం ఎరువు’ వేయమన్నదాన్ని కొందరు డీఏపీ అనుకున్నారు. అది వేయకండి, అందులో భాస్వరం మరీ ఎక్కువ. నత్రజని సంగతిని వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా చూసుకుంటుంది. వేయాలనే ఉంటే, స్థానిక మొక్కలకని అమ్మే తక్కువ భాస్వరం ఎరువు చిటికెడు చాలు.

మొలకకు మొదట తుమ్మాకులాంటి సన్నటి ఆకులొస్తాయి, కొడవలి ఆకారపు వెడల్పాటివి తర్వాత వస్తాయి. వేరే మొక్కేదో మొలిచిందని పీకేయకండి.