పూతరేకు చూపించి కాగితం తినిపించిన ఫుడ్ ఫెస్టివల్ గారికి

మహారాజశ్రీ థీమ్ పార్కు ఫుడ్ ఫెస్టివల్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీ కుశలం గురించి నాకేమీ బెంగ లేదు, నిన్న మీ కార్డు రీచార్జి కౌంటర్ దగ్గర క్యూ చూశాను. మా కుశలమే రాత్రి పదకొండింటి దాకా తేలలేదు. మావారు రెండు గ్లాసుల మజ్జిగ తాగి, వాము నమిలి పడుకున్నాక కాస్త కుదుటపడింది.

ముందుగా మీ సెక్యూరిటీ వాళ్లకి నా అభినందనలు. గేటు దగ్గర మా అత్తమ్మ సంచిలో, తువ్వాళ్ల అడుగున, పిల్లాడి స్విమ్మింగ్ నిక్కరు కింద దాక్కున్న పులిహోర డబ్బాని ఎంత చప్పున పట్టుకున్నారని! "బయటి ఫుడ్ అలౌడ్ కాదమ్మా" అని టోకెన్ రాసి, డబ్బాని అల్మారాలో పెట్టి తాళం వేశారు. అత్తమ్మది కరీంనగర్ దగ్గర పల్లె. ఆమె వాళ్ల వంక, తాళం వంక చూసి, "గీల్లు పులిహోరను వట్టుకున్నట్టు లేదు బిడ్డా, పులిని వట్టుకున్నట్టున్నది" అంది. మనిషికి యాభై రూపాయలైనా ఉండని ఆ పులిహోర వల్ల మీ పండగకి ఎంత ప్రమాదమో ఆమెకి తెలియదు పాపం. నాకు సాయంత్రానికి తెలిసింది.

ఆ తర్వాత కార్డు. డబ్బు తీసుకోరు, ఫోన్‌తో కడతామంటే తీసుకోరు. కార్డు కొనాలి, అందులో డబ్బు వేయాలి. కనీసం 500, ఆపైన కార్డుకి 50. మిగిలింది తిరిగివ్వరు. సరే, దీని సంగతి చివర్లో చెప్తాను.

"రెండు రాష్ట్రాలు, వంద రుచులు" అని బ్యానర్ కట్టారు. నాకు కొంచెం లెక్కల పిచ్చి ఉంది లెండి. స్టాళ్లన్నీ తిరిగి లెక్కపెట్టాను. వెజ్, నాన్‌వెజ్, స్వీటు, సోడా అన్నీ కలిపితే ముప్పై ఎనిమిది. మిగతా అరవై రెండూ వాటర్ స్లైడ్‌లో కొట్టుకుపోయి ఉంటాయి.

మా పెదనాన్న కొడుకు ఫ్లోరిడాలో ఉంటాడు. అక్కడ ఎప్‌కాట్ అనే థీమ్ పార్కులో ఏళ్ల తరబడి ఇలాంటి పండగే జరుగుతోంది, మావాడు కుటుంబంతో వెళ్లి ఫొటోలు పెడుతుంటాడు. దేశానికో స్టాలు, చిన్న చిన్న ప్లేట్లు, ఒక్కో చోట నాలుగు ముద్దలు తిని ఇంకో దేశానికి పోవచ్చని వాళ్ల ఉద్దేశం. మీరు అందులోంచి చిన్న ప్లేటు ఒక్కటే దిగుమతి చేసుకున్నారు. రాయలసీమ స్టాల్‌లో రాగి సంకటి నిమ్మకాయంత పెట్టారు. దాని మీద గుంట చేసి నాటుకోడి పులుసు పోశారు, అదీ చెంచాడు. సంకటి అంటే ముద్ద మీద ముద్ద తిని పొలానికి పోయే మనుషుల తిండి. మీ సంకటి తిని ఎస్కలేటర్ ఎక్కడం కూడా కష్టమే.

హలీము గురించి మావారు రాయమన్నారు. హైదరాబాదీ హలీముకి 2010లోనే జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే ముద్ర, వచ్చింది. గోధుమలు, మాంసం, నెయ్యి వేసి భట్టీ మీద గంటల తరబడి ఉడికించి, చేతులు పడిపోయేలా ఘోట్నాలనే పెద్ద కర్రలతో దంచితే వచ్చే జిగురు అది. మీది మిక్సీలో తిరిగింది. అదైనా గట్టిగా తిరిగిందా అంటే లేదు, మీ జెయింట్ వీల్ అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది. ఇక బొంగు చికెన్. అరకు వైపు పచ్చి వెదురు బొంగులోకి మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు, బొంగులోని తడికే ఉడుకుతుంది. మీ దగ్గర గ్యాస్ స్టవ్ మీద బాండీలో వేయించిన చికెన్‌ని, కడిగి ఆరబెట్టిన బొంగులో కూర్చోబెట్టి ఇచ్చారు. మేం తినగానే బొంగు వెనక్కి తీసుకున్నారు. తరవాతి వాళ్లకి కావాలట.

అన్నీ చెడ్డవే అంటే కళ్లు పోతాయి. సర్వపిండి బాగుంది. మా గోదావరి వైపు తపాలా చెక్క అంటాం. గిన్నె లోపల పిండి అద్ది, వేళ్లతో చిల్లులు పెట్టి, అంచులు ఎర్రగా కాలేదాకా ఓపిక పట్టి చేశారు ఎవరో. అత్తమ్మ తిని, "పల్లీలు జర తక్కువైనయి గని, చేసినామెకు చెయ్యి ఉన్నది" అంది. అత్తమ్మ నా వంటకి కూడా ఇంతవరకు ఆ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇంకొకటి ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గోంగూర మోమో. పేరు చూసి పది నిమిషాలు తిట్టాను, గోంగూరకి ఈ గతేంటని. తర్వాత ఒకటి నోట్లో పెట్టుకున్నాను. ఆ పులుపుకి ఆ ఆవిరి పిండి ఎలా కుదిరిందో మరి, రెండో ప్లేటు నేనే వెళ్లి తెచ్చాను. ఈ సంగతి మా అమ్మకి చెప్పకండి.

ఇక అసలు విషయం. నిన్నటి నుంచి ఇది నా గొంతులోంచి దిగడం లేదు, పైకీ రావడం లేదు.

మీ "పల్లె వంటిల్లు" సెట్టింగ్ దగ్గర, తాటాకు పందిరి కింద, ఒకామె పూతరేకులు తీస్తోంది. నిజమైన కుండ, బోర్లించి ఉంది. కింద మంట. పక్కన చట్టిలో చారులా పల్చగా బియ్యప్పిండి. ఆమె గుడ్డ ముక్కని పిండిలో ముంచి, రెండు చివరలు పట్టుకుని, కుండ మీదుగా ఒక్క లాగు లాగింది. చుయ్‌మంది. రెప్ప వేసేలోపల కుండ మీద తెల్లటి పొర, అంచులు వాటంతటవే లేచాయి. వేలితో తీసి పక్కన పేర్చింది. అవతలి మనిషి కనపడేంత పల్చన. మా అమ్మమ్మది రావులపాలెం దగ్గరే. ఎండాకాలం సెలవుల్లో ఆ ఊళ్లలో అరుగుల మీద ఈ పని చూస్తూ పెరిగినదాన్ని, తీయబోయి వేళ్లు కాల్చుకున్నదాన్ని. మీ పార్కులో, ఆ ఇంగ్లీషు పాటల హోరులో, ఆ చుయ్‌మన్న చప్పుడు వినగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏ ఊరండీ?" అన్నాను.

"ఆయ్, లొల్లండీ."

"లొల్లా? లాకుల దగ్గరా?"

"అక్కడేనండి బాబూ!" అని ఆమె మొహం ఇంత చేసుకుంది.

వెనక నుంచి అత్తమ్మ కంగారుగా వచ్చి, "లొల్లి ఎవలు వెట్టిన్రు బిడ్డా?" అంది. గోదావరి జిల్లాలో లొల్ల అని ఊరుందని ఆమెకి చెప్పి, లొల్లి ఏమీ లేదని నమ్మించేసరికి ఐదు నిమిషాలు పట్టింది. లొల్లి ఆ తర్వాత మొదలైంది.

"నాలుగు చుట్టి ఇవ్వండి, బెల్లంవి" అని కార్డు చాపాను. ఆమె చెయ్యి ఆగింది. "ఇయ్యి అమ్మేవి కాదమ్మా. సూపించడానికి" అంది. నాకు అర్థం కాలేదు. ఇంతలో టీషర్టు వేసుకుని, చెవిలో వైరు పెట్టుకున్న అబ్బాయి వచ్చాడు. "మేడం, ఇది ఎక్స్‌పీరియెన్స్ జోన్. సేల్స్ కౌంటర్ అటు" అని ఎయిర్‌కూలర్ వైపు చూపించాడు.

అటు వెళ్లాం. అట్టపెట్టెలు. చాక్లెట్ పూతరేకు, బ్లూబెర్రీ పూతరేకు, డ్రైఫ్రూట్ పూతరేకు. ఒక్కోటి 120. పెట్టె మీద ఎక్స్‌పైరీ 90 రోజులు. మామూలుది లేదా అంటే, "అది మూవ్ అవ్వదు మేడం" అన్నారు. డ్రైఫ్రూట్‌ది తీసుకున్నాం. పూతరేకు గాలిలోని తడిని కూడా ఓర్చుకోదు, అందుకే మా వాళ్లు డబ్బా మూత రెండుసార్లు తీయనివ్వరు. మీరు దాన్ని తీసుకొచ్చి నీళ్ల కూలర్ ఎదురుగా పెట్టారు. నోట్లో పెడితే కరిగేదాన్ని పూతరేకు అంటారు. మీది నోట్లో పెడితే నానింది.

పూతరేకు గురించి మా ఊళ్లో పాత హాస్యం ఒకటుంది. కొత్తగా వచ్చిన చుట్టం దాన్ని కాగితంలో చుట్టిన స్వీటు అనుకుని, కాగితం ఊడదీసి పారేస్తాడు. అది చూసి ఇంటిల్లిపాదీ నవ్వుతారు. మా ఏడేళ్లవాడికి ఆ అవమానం జరగకూడదని ముందునుంచీ నేర్పాను: "నాన్నా, అది కాగితం కాదు, దాన్నే తినాలి." వాడు బుద్ధిమంతుడు. నిన్న మీ పూతరేకుని అలాగే తిన్నాడు. సగం తిన్నాక నాకు చూపించి, "అమ్మా, ఇది చిరగట్లేదు" అన్నాడు. చూస్తే బటర్ పేపర్. మీరు రెండు పొరల మధ్య పెట్టిన బటర్ పేపర్‌ని వాడు సగం నమిలి మింగాడు. అయినా వాణ్ణి ఏమని తిట్టను? మిగిలిన సగం నేను తిని చూశాను. నాకూ ఎక్కడ కాగితం ఆగిందో, ఎక్కడ రేకు మొదలైందో తెలియలేదు.

మళ్లీ పందిరి దగ్గరికి వెళ్లాను. "మరి మీరు తీసిన రేకులన్నీ ఏం చేస్తారండీ?" అని అడిగాను. పక్కన ఈ పాటికి జానెడు ఎత్తు దొంతర ఉంది. ఆమె తల ఎత్తకుండా చెప్పింది: "సాయంత్రం ఎత్తి పారేత్తారమ్మా. రేపు మళ్లీ తియ్యాల."

చూడండి ఫెస్టివల్ గారూ. ఇక్కడితో గారు తీసేస్తున్నాను, ఏమనుకోకు.

తాజాగా తీసిన రేకు చెత్తబుట్టలోకి, మూడు నెలల పెట్టె మా కడుపులోకా? ఆ అబ్బాయిని అడిగితే "లైవ్‌లో చేసినవి సేల్ చేయడానికి పర్మిషన్ లేదు మేడం, హైజీన్ ఇష్యూ" అన్నాడు. నిప్పు మీద నుంచి అప్పుడే లేచిన రేకుకి హైజీన్ లేదా? కూలర్ ముందు చెమ్మెక్కిన పెట్టెకి ఉందా? ఆత్రేయపురం పూతరేకుకి 2023లో జీఐ వచ్చింది. అది ఊరికే రాలేదు. తరతరాలుగా ఆడవాళ్లు పొగలో కూర్చుని, కళ్లు మండుతుంటే, ఒక్కొక్క రేకూ తీసిన కష్టానికి వచ్చింది. నువ్వేమో ఆ మనిషిని రెండు జిల్లాల అవతల నుంచి తీసుకొచ్చి, ఆ పొగలోనే కూర్చోబెట్టి, ఆ చేత్తో చేసిన దాన్ని మాత్రం తినడానికి పనికిరాదన్నావు. జనం ఆమెని వీడియో తీసుకుంటారు. పిల్లల్ని పక్కన నిలబెట్టి సెల్ఫీ తీసుకుంటారు. బటన్ నొక్కితే తోకాడించే నీ ప్లాస్టిక్ డైనోసార్ పక్కన కూడా అలాగే తీసుకుంటారు. నీకు ఆమెకీ దానికీ తేడా ఏం కనపడింది?

హైదరాబాదులో 1938లో మొదలైన నుమాయిష్ ఎగ్జిబిషన్ ఇప్పటికీ ప్రతి జనవరిలో నడుస్తోంది. దుమ్ములో, తోపులాటలో నిలబడి మిర్చి బజ్జీ తింటాం, నూనె చొక్కా మీద కారుతుంది. అక్కడ బజ్జీ వేసేవాణ్ణి ఎవరూ ఎక్స్‌పీరియెన్స్ అనరు. బాండీలో ఏది వేగుతోందో అదే పొట్లంలోకి వస్తుంది. నీకు ఇంత చిన్న విషయం కూడా కన్సల్టెంట్ చెప్పాలా?

నేను పెద్దగానే అరిచినట్టున్నాను. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఇగ చూడు, గిప్పుడు లొల్లి ఐతంది" అంది. చెవిలో వైరు అబ్బాయి ఎవరితోనో "కస్టమర్ ఇష్యూ" అంటూ పక్కకి వెళ్లాడు.

అదే అదను. లొల్ల ఆమె అటూ ఇటూ చూసింది. దొంతర మీది రేకు తీసి, తడిగుడ్డతో ఇలా ఒత్తి, షోకి పెట్టిన గిన్నెలోంచే నెయ్యి రాసి, బెల్లం తురుము చల్లి, ఇంకో రేకు వేసి, మడిచి, మా వాడి చేతిలో పెట్టింది. కొంగు అడ్డంపెట్టి, "తినెయ్యి నాన్నా, ఎవరూ సూడరు" అంది. వాడు అనుమానంగా అటూ ఇటూ తిప్పి, "ఇందులో పేపర్ ఎక్కడుంది?" అని ఆమెనే అడిగాడు. ఆమె పెద్దగా నవ్వింది. నెయ్యి వాడి మోచేతి దాకా కారింది. నాకు కొస ముక్క దొరికింది. అత్తమ్మకి ఆ పాటి కూడా మిగల్లేదు, బెల్లం అంటిన వాడి వేలు నాకి "మంచిగున్నది" అంది.

నీ ముప్పై ఎనిమిది రుచుల్లో మొదటి స్థానం దానికే ఇస్తున్నాను. ఉచితం, దొంగచాటు, నీ కార్డుతో పని లేదు. రెండోది సర్వపిండి. మూడోది, సరే, మోమో. ఆఖరిది ఏదో నీకు తెలుసు, మా వాడి కడుపులో ఉంది.

ఏడింటికి టోకెన్ చూపించి పులిహోర విడిపించుకున్నాం. పార్కింగ్‌లో, కారు డిక్కీ ఎత్తి, నలుగురం నిలబడి తిన్నాం. పక్క కారు వాళ్లు కూడా డిక్కీ తెరిచి చపాతీలు తింటున్నారు. ఒకరి డబ్బాల్లోకి ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. వాళ్లకి కొంచెం పులిహోర పెట్టి, వాళ్ల మామిడికాయ తొక్కు తీసుకున్నాం.

ఇట్లు,
తమ పూర్వ వినియోగదారు

తా.క.: కార్డులో ఇంకా 70 రూపాయలున్నాయి. అక్కడ అన్నిటికన్నా చవకైన సోడానే 80. ఆ 70 ఆమెకి ఇవ్వమని కౌంటర్లో అడిగితే, "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు మేడం, మళ్లీ వచ్చినప్పుడు వాడుకోండి, 30 రోజుల వాలిడిటీ ఉంది" అన్నారు. అంటే నా డబ్బు పాడైపోయాక కూడా నీ పూతరేకుకి ఇంకా 60 రోజులుంటాయి.