ఖాళీ సముద్రమట!

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు కళింగపట్నం ఇసుకలో కూర్చుని ఉండగా మా బావ ఫోనులో ఒక ఫొటో చూపించాడు. ఏదో దేశపు సముద్రంలో బారులు తీరిన గాలిమరలు. "ఇవి ఇక్కడ పెడితే ఎవరికి అడ్డు? పొలం పోదు, ఇల్లు పోదు. ఖాళీ సముద్రమే కదా!" అన్నాడు.

గాలి కరెంటుతో నాకు తగువు లేదు. తగువల్లా ఆ 'ఖాళీ'తోనే. సోంపేట బీలను కూడా ఇలాగే పనికిరాని భూమి అన్నారు. చుట్టుపక్కల ఊళ్లకు చేపలూ గడ్డీ సాగునీరూ ఇచ్చే చిత్తడి నేల అది. 2010 జులై 14న థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగి, ప్రాణాలు పోయాక గాని అది ఖాళీ కాదని బయటివాళ్లకు తెలియలేదు.

మన వంతు ఇంకా రాలేదు, నిజమే. 2024లో కేంద్రం 7,453 కోట్లతో ఆమోదించిన సముద్ర గాలిమరల పథకంలో గుజరాత్‌కు 500, తమిళనాడుకు 500 మెగావాట్లు. వంతు రాకముందే మాట్లాడుకోవడం మంచిది కదా.

బావ మాటలో కొంత నిజం ఉంది. 250 మీటర్ల మర 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే, చాచిన చేతి చిటికెన వేలి గోరంత కనిపిస్తుంది, అంతే. కానీ గోరు తిరగదు, మర తిరుగుతుంది. కదిలేదాని మీదికి కన్ను దానంతట అదే పోతుంది. పైగా మనది తూర్పు తీరం. పొద్దు పొడిచేది ఆ మరల వెనక నుంచే, కాబట్టి తెల్లవారుజామున ప్రతి రెక్కా నల్లగా అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. రాత్రి ఎర్ర దీపాలు సరే సరి. దగ్గర్లోని శాలిహుండం కొండెక్కి చూసేవాడి సంగతి మరీ వేరు.

బ్రిటన్‌లో ముందుగా తీరం స్వభావాన్ని రాసుకుంటారు. తర్వాత ఎక్కడెక్కడి నుంచి చూస్తే ఏమి మారుతుందో బొమ్మలు కట్టి తూకం వేస్తారు. 2015లో డోర్సెట్ తీరం ఎదుట తలపెట్టిన నావిటస్ బే గాలిమరల ప్రాజెక్టును, ప్రధానంగా దృశ్యం చెడుతుందనే, అక్కడి ప్రభుత్వం కాదంది. చూపుకు అంత విలువ ఇచ్చినందుకు నాకు ముచ్చటేసింది.

అయితే ఆ పద్ధతిని ఇక్కడికి ఉన్నదున్నట్టు దించుకుంటే నాకు భయమే. చూసేవాడంటే సెలవురోజున వచ్చి సెల్ఫీ తీసుకునేవాడే అనుకుంటారు. కెమెరా పెట్టేది ఒడ్డునే. మరల నుంచి వచ్చే కరెంటు తీగ గట్టెక్కే చోట సరుగుడు తోటలో సబ్‌స్టేషన్ లేస్తుంది, మొగలి పొదలు పోతాయి. అదంతా 'తాత్కాలిక పనులు' అన్న ఒక్క పేరాలో తేలిపోతుంది.

మా పక్కన వల బాగు చేస్తున్న తాత ఒకాయన అంతవరకూ తలెత్తలేదు. తెగిన కన్ను ముడివేసి, దారం పళ్లతో కొరికి, అప్పుడు బావ వైపు తిరిగాడు. "లోపలికి వెళ్లాక మేము చూసేది మీ వైపే బాబూ. దీపస్తంభం, కొండ ఒక వరుసలోకి వస్తే ఇల్లు ఎటో తెలుస్తుంది. మధ్యలో ఇన్ని స్తంభాలు తిరుగుతుంటే, ఎన్ని ఎర్ర దీపాల్లో మా దీపం వెతుక్కోవాలి? పడవ మీద నుంచి తీసిన ఫొటో ఉంటే చూపించు."

బావ చాలాసేపు ఫోనులో వెతికాడు.