కొండకు గడువు, టవరుకు వాయిదా

ముఖం చూపిస్తేనే అంగన్‌వాడీ సరుకులు అన్నారు. 2025 జూలై 1 నుంచి దేశమంతటా అదే నిబంధన. గర్భిణి, బాలింత, పసిబిడ్డ తల్లి ఎవరైనా సరే ఫోన్ కెమెరా ముందు నిలబడాలి. పోషణ్ ట్రాకర్ యాప్ ఆ ముఖాన్ని గుర్తుపట్టాలి. అప్పుడే ఇంటికి తీసుకెళ్లే రేషన్ చేతికొస్తుంది. మైదానంలో ఇది రెండు నిమిషాల పని. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పార్వతీపురం మన్యంలో, నల్లమలలో పెంటలనే చెంచు గూడేల్లో, సిగ్నల్ గీత ఒక్కటి కూడా కనిపించని ఊళ్లలో అది సగం రోజు నడక. నడవాల్సింది నెలలు నిండుతున్న మనిషి.

ముఖం కంటే ముందు, మనిషి ఎవరో ఆధార్‌తో సరిచూసే ఈకేవైసీ ఉంటుంది. దానికి ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్లేది ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్‌కి. ఆ ఫోన్ మొగుడి జేబులో ఉంటుంది, మొగుడేమో వలస పనిలో ఉంటాడు. అతనికి ఫోన్ చేసి నంబరు కనుక్కుందామంటే ఇక్కడ సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కి చేస్తే అక్కడతను పనిలో ఉండి ఎత్తడు. ఎత్తేసరికి ఓటీపీ టైం అయిపోతుంది. అంగన్‌వాడీ కార్యకర్తను తప్పుపట్టే పని లేదు. సరుకు ఆమె దగ్గరే ఉంది, ఇవ్వాలనీ ఉంది. కానీ యాప్‌లో పడకుండా ఇస్తే రేపు లెక్క ఆమే చెప్పుకోవాలి.

ఇది అంగన్‌వాడీ ఒక్కదానితో పోయే గొడవ కాదు. రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషీ ఈకేవైసీ చేయించుకోవాలి, డిపోలో ఈపాస్ మిషన్ మీద వేలు పెట్టాలి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చారు. 100 రోజులను 125 చేస్తామన్నారు. బయోమెట్రిక్ మాత్రం ఈసారి నేరుగా చట్టంలోకే ఎక్కి కూర్చుంది. పింఛను ఇంటి గుమ్మంలోనే అంటారు. అనంతగిరి కొండల మీది ముసలమ్మకు ఆ గుమ్మం ఎక్కడుందో అడగండి. సిగ్నల్ ఎక్కడ తగిలితే అక్కడే ఆమె గుమ్మం. పోడు చేసి, చోళ్లు (రాగులు) దంచి అరిగిపోయిన వేళ్ల మీద గీతలుండవు. వేలిముద్ర పడదు. కంటిపాపతో చూద్దామంటే ఆ కంట్లో శుక్లం.

మేం అడుగుతున్నది ఒక్కటే. సిగ్నల్ ఇవ్వాల్సినవాళ్లు ఎవరు? సిగ్నల్ లేదని శిక్ష పడుతున్నది ఎవరికి?

టవర్లు వేసే బాధ్యత గిరిజనులది కాదు, సర్కారుది. అందుకు డబ్బు లేదని అనడానికీ లేదు. మారుమూల ఊళ్లకు ఫోన్ చేర్చడానికి టెలికాం కంపెనీల సర్దుబాటు ఆదాయంలో 5 శాతం లెక్కన రెండు దశాబ్దాలకు పైగా వసూలు చేస్తున్నారు. ఆ నిధికి ఈమధ్య డిజిటల్ భారత్ నిధి అని పేరు కూడా మార్చారు. ఇక వాళ్ల గడువుల సంగతి చూడండి. పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేస్తామని 2011లో పథకం పెట్టారు, రెండేళ్లలో పూర్తి అన్నారు. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని మళ్లీ చెప్పారు, వెయ్యి రోజుల్లో ఆరు లక్షల పైచిలుకు ఊళ్లకూ ఫైబర్ అని. ఆ వెయ్యి రోజులు 2023 మే నెలలోనే నిండాయి. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో 7,287 ఊళ్లకు 4జీ అన్నారు, 6,466 కోట్లు అన్నారు, 2023 నవంబరుకల్లా అయిపోతుందన్నారు. 2022 జూలైలో ఇంకో పథకం పెట్టారు. దేశంలో సిగ్నల్ అందని 24,680 ఊళ్లకు 26,316 కోట్లు. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకేరోజు 100 టవర్లు ప్రారంభించింది. అందులో 85 అల్లూరి జిల్లాలోనివే. మంచిదే, కాదనం. కొన్ని ఊళ్లకు మేలు జరిగింది కూడా. కానీ కొండకు ఇటువైపు టవర్ ఉంటే అటువైపు ఊరికి అందదని, కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే ఇటువైపూ అందదని అక్కడ తిరిగిన ఎవరైనా చెబుతారు. ప్రారంభోత్సవం రోజు మాత్రం అన్ని గీతలూ నిండుగానే కనిపిస్తాయి.

సర్కారు గడువు దాటితే ఎవరి జీతమూ ఆగలేదు. ఎవరి రేషనూ ఆగలేదు. ఫైలు మీద పాత తేదీ కొట్టేసి కొత్తది వేశారు, అంతే. అదే సర్కారు ఈకేవైసీకి ఆఖరు తేదీ పెట్టి, దాటితే సరుకు ఉండదని దండోరా వేయిస్తుంది. పెద్ద మనసు చేసుకుని నెలో రెండు నెలలో పొడిగిస్తుంది, పొడిగించినందుకు దండం పెట్టమంటుంది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్న సామెత ఎవరో ఏజెన్సీని చూసే కట్టినట్టుంది.

దొంగ మస్టర్లు (హాజరు పట్టీలు), బినామీ కార్డులు ఉన్నాయి, వాటిని ఆపడానికే ఈ సాంకేతికత అని అధికారులు చెబుతారు. దొంగలు ఉన్న మాట నిజమే. అయితే ఫొటో హాజరులోనే ఫొటోకు ఫొటో తీసి పెడుతున్నారని, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తర్వులో ఒప్పుకుంది. దొంగకు యాప్ అడ్డం కాలేదు. సిగ్నల్ లేని కూలీకి అడ్డమైంది. ఆఫ్‌లైన్‌లో తీసుకుని తర్వాత ఎక్కించుకోవచ్చనీ, జిల్లా స్థాయిలో మినహాయింపు ఇప్పించుకోవచ్చనీ ఇంకో జవాబు ఉంది. ఎక్కించడానికి గుట్ట ఎక్కేది ఎవరు? మినహాయింపు కోసం గెడ్డ (వాగు) దాటి, సంత జీపు పట్టుకుని జిల్లా కేంద్రం పాడేరు వెళ్లి అర్జీ పెట్టేది ఎవరు? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

108 సంగతి ఇంకా ఘోరం. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మనందరికీ తెలుసు. కానీ 108కి ఫోన్ చేయాలి కదా. అర్ధరాత్రి నొప్పులొస్తే మరిది ముందు సిగ్నల్ ఉన్న చోటికి పరుగెత్తాలి. వాడు ఫోన్ చేసి వచ్చేలోపు మిగతావాళ్లు దుప్పటిని కర్రకు కట్టి డోలీ సిద్ధం చేస్తారు. అంబులెన్సు రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది, అక్కడి దాకా మోత. ఏటా వానాకాలంలో ఆ ఫొటోలు మన పేజీల్లోనే అచ్చవుతున్నాయి. డోలీ మోతలు లేని మన్యం చేస్తామని, రోడ్లకు వెయ్యి కోట్లకు పైనే అని 2025 ఏప్రిల్‌లో అడవి తల్లి బాట మొదలుపెట్టారు. ఎంతవరకు వచ్చిందో ఈ వానలే చెబుతాయి. మేం అంటున్నది వేరు. బిడ్డను కనడానికి ఒక్క ఫోన్ కాల్ అందించలేని వ్యవస్థ, అదే తల్లి గుడ్ల కోసం వస్తే నీ ముఖం ఆన్‌లైన్‌లో పడలేదు పొమ్మంటోంది.

రోడ్డుకైనా ఆ జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2020లో సాలూరు మండలం కొదమ పంచాయతీ గిరిజనులు తలా కొంత వేసుకుని కొండను తొలిచి సొంతంగా రోడ్డు వేసుకున్నారు. గునపంతో దారి తవ్వుకోగలరు. సిగ్నల్ ఎలా తవ్వుకుంటారు?

చట్టమేమైనా ఇలా చేయమందా అంటే అదీ కాదు. ఆధార్ చట్టం ఏడో సెక్షన్‌లోనే, నంబరు ఇంకా రానివాళ్లకు వేరే గుర్తింపు మీద ఇవ్వాలని ఉంది. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది. ఆధార్ లేదని గానీ, నెట్‌వర్క్ అందక వేలిముద్ర పడలేదని గానీ ఎవరికీ రేషన్ ఆపొద్దు, అలాంటివారికి ఇచ్చి వేరే రిజిస్టర్‌లో రాసుకోండి అని. ఆ లేఖ ఊరికే రాలేదు. అంతకు ముందు నెలలో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ల పిల్ల అన్నం అన్నం అంటూ చనిపోయింది. ఆధార్ లింకు కాలేదని కార్డు తీసేశారని తల్లి చెప్పింది. మలేరియా అని ప్రభుత్వం వాదించింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో ఆధార్ కేసు విచారణలోనూ, గుర్తింపు విఫలమైనంత మాత్రాన ఎవరికీ ప్రయోజనం ఆపబోమని కేంద్రం మాటిచ్చింది. కోర్టుకు ఇచ్చిన మాట ఢిల్లీ నుంచి పాడేరు చేరేలోపు ఎక్కడ ఆగింది? బహుశా దానికీ సిగ్నల్ అంది ఉండదు.

కాబట్టి ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలకూ, ఢిల్లీకీ చెబుతున్నాం. సిగ్నల్ లేని ఊళ్ల జాబితా మీ దగ్గరే ఉంది. టవర్ల టెండర్లు పిలిచింది ఆ జాబితా చూసే కదా. ఆ జాబితాలోని ప్రతి ఊరిలో యాప్ షరతు ఈ నెలే ఎత్తేయండి. స్టాంపు ప్యాడు మీద వేలుపెట్టి నిశాని వేయించుకుని సరుకు ఇవ్వండి, పని ఇవ్వండి, పింఛను ఇవ్వండి. టవర్ నిలబడి ఆర్నెల్లు సరిగా పనిచేశాక అప్పుడు యాప్ మాట ఎత్తండి. ఈలోపు గడువులంటూ ఆ జనాన్ని బెదిరించడానికి మీకు ముఖం చెల్లదు.

ఒక లెక్క కూడా తేల్చాలి. వేలిముద్ర పడనివారికి ఇచ్చి రాసుకోమన్న ఆ రిజిస్టర్ ఏజెన్సీలో ఎన్ని డిపోల్లో ఉంది? ఎన్ని పేర్లున్నాయి దాంట్లో? కలెక్టర్లు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారులు ఈ వారం ఆ పుస్తకాలు తెప్పించుకుని చూడాలి. కొత్తగా కొన్నట్టు తళతళలాడుతుంటే, లోపల ఒక్క గీత కూడా లేకుంటే, ఎందుకు లేదో డిపో సేల్స్‌మన్‌ను కాదు, మిమ్మల్ని మీరే అడగండి.