మారణహోమం పాఠంలో గుమాస్తా ఎక్కడ?

పాఠ్యపుస్తకాల్లో మారణహోమం అంటే ఒక రాక్షసుడు, ఒక అంకె. హిట్లర్, 60 లక్షల మంది యూదులు. ఆఫ్రికాలోని రువాండా, సుమారు 100 రోజులు, దాదాపు 8 లక్షల ప్రాణాలు. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. రాక్షసుడు పోయాడు కాబట్టి ఇక ఫర్వాలేదనే ధీమా మాత్రం మిగులుతుంది.

ఆ పాఠంలోకి గుమాస్తాను తీసుకురావాలి.

యూదులను మరణ శిబిరాలకు చేరవేసినందుకు జర్మన్ రైల్వే, హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్ దగ్గర చార్జీలు వసూలు చేసింది. మూడో తరగతి రేటు. పదేళ్లలోపు పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు వారికి ఉచితం. 400 మంది దాటితే గ్రూప్ రాయితీ. వెళ్లేవాళ్లకు వన్‌వే, కాపలావాళ్లకు రానూపోనూ. ఎవరో ఉద్యోగి కూర్చుని ఈ లెక్క కట్టాడు, బిల్లు రాశాడు, డ్యూటీ అయ్యాక ఇంటికెళ్లాడు. 'నాలుగేళ్లలోపు ఉచితం' అన్న ముక్క ఒక్కటి తరగతిలో చదివి వినిపించండి, శవాల గుట్టల ఫొటోలు అక్కర్లేదు. 1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్‌సీలో ఈ హత్యాకాండ ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి కూర్చున్న 15 మందిలో ఎనిమిది మంది డాక్టరేట్లే. చదువులేమికి సాకు చెప్పే వీల్లేదు.

రువాండాలోనూ అంతే. బెల్జియన్ పాలకులు 1930ల్లో తెచ్చిన గుర్తింపు కార్డు మీద మనిషి ఏ తెగవాడో, హుటూనో టుట్సీనో, రాసి ఉండేది. 1994లో టుట్సీలను ఏరి చంపడానికి రోడ్లకు అడ్డంగా నిలబడ్డ హంతకులు అడిగింది ఆ కార్డే.

ఇవి చెబితే పసి మనసులు బెదురుతాయని, పాత పగలు రేగుతాయని కొందరంటారు. చిన్న తరగతుల సంగతైతే ఒప్పుకుంటాను. కానీ పదిహేనేళ్లవాళ్లు ఫోన్లో ఇంతకంటే ఘోరాలు చూస్తూనే ఉన్నారు, అదీ వివరించే మనిషి పక్కన లేకుండా.

అసలు చిక్కు పాఠంలో కంటే బడిలో ఉంది. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే మంచి విద్యార్థి అని ఏళ్ల తరబడి నూరిపోసి, మానవ హక్కుల అధ్యాయం రాగానే ధిక్కారాన్ని మెచ్చుకోమంటే ఎలా కుదురుతుంది?

1943 మార్చి 27న, నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు పోలీసు దుస్తుల్లో జనాభా రిజిస్టర్ కార్యాలయంలోకి వెళ్లి, కాపలావాళ్లకు మత్తుమందిచ్చి, పేర్ల కార్డులున్న చోట పేలుడు పదార్థాలు పెట్టారు. యూదులను వెతికి పట్టుకోవడానికి నాజీలకు అక్కరకొచ్చినవి ఆ కార్డులే. దొరికినవారిలో 12 మందిని కాల్చి చంపారు. అప్పటి చట్టం ప్రకారం వాళ్లు నేరస్తులే. వాళ్లు చేసింది తప్పా అని పిల్లల్ని అడగండి. అయిదు మార్కుల ప్రశ్నగా కాదు, ఒక పీరియడ్ మొత్తం. జవాబు ఇదీ అని చివర్లో టీచర్ బోర్డు మీద రాయకపోతే మరీ మంచిది.